యజమానురాలు లేని నాళ్లలో పాళణాఘర్: ముఖ్తార్‌నామా ఎందుకు, ఎలా?

జోడ్‌భావి పేట్‌లో తెల్లవారడమంటే మగ్గాల చప్పుడు మొదలు కావడమే. పందొమ్మిదవ శతాబ్దంలో తెలంగాణ పల్లెల నుండి నేతపనికై వచ్చి స్థిరపడిన కుటుంబాల వారసులు నేటికీ ఈ పేటలో, దీని చుట్టుపక్కల పేటలలో నివసిస్తున్నారు. 1877లో షోలాపూర్‌లో తొలి నూలు మిల్లు వెలసిన తరువాత ఈ వలస మరింత పెరిగింది. మిల్లుల కాలం ముగిసింది. పవర్‌లూములు, తువ్వాళ్లు, చద్దర్లు, బీడీలు, కుట్టుపని మిగిలాయి. ఈ పనులలో స్త్రీల భాగం చాలా ఎక్కువ. తల్లి కుట్టు కేంద్రానికో, బీడీలు అప్పగించే బ్రాంచికో, మగ్గాల షెడ్డుకో వెళ్లాలంటే పసిబిడ్డను ఎవరో ఒకరు చూడాలి. ఆ పనిని ఇంటిలోనే చిన్న వ్యాపారంగా నడిపే చోటును ఇక్కడివారు మరాఠీ మాటతోనే పాళణాఘర్ అంటారు.

పాళణాఘర్ ఒక్కరి మీద నిలిచే వ్యాపారం. ఆ ఒక్కరు జబ్బుపడినా, ఊరికి వెళ్లవలసి వచ్చినా దాని తలుపు మూతపడుతుంది. తలుపు మూతపడిన నాడు నష్టపోయేది యజమానురాలు ఒక్కతే కాదు. బిడ్డను దించే చోటు లేక పనికి పోలేని ప్రతి తల్లీ ఆనాటి కూలి కోల్పోతుంది. ఇటువంటి సమయంలో వ్యాపారం ఆగకుండా చూడడానికి చట్టం కల్పించిన సాధనమే ముఖ్తార్‌నామా. అది ఏమి చేయగలదు, ఏమి చేయలేదు, దానిని ఎలా రాయించుకోవాలి అన్న విషయాలు ఈ వ్యాసంలో వివరించబడ్డాయి.

ఒక ఉదాహరణ

ఒక సందులో పద్దెనిమిది మంది పిల్లలున్న పాళణాఘర్ ఉన్నదనుకోవాలి. యజమానురాలికి శస్త్రచికిత్స నిర్ణయమైంది. ఆ తరువాత రెండు నెలల విశ్రాంతి తప్పదు. పిల్లలను చూసుకునే ఆయాలు ఇద్దరున్నారు. పెత్తనం చేయడానికి తోడికోడలు, అంటే ఇంటిలో యారాలని పిలుచుకునే మనిషి, సిద్ధంగా ఉన్నది. ‘మన ఇంటి మనిషే కదా, కాగితం ఎందుకు?’ అని అందరూ అనుకుంటారు.

మొదటి వారం ఏ ఇబ్బందీ రాదు. పాలవాడు ఎప్పటిలాగే పాలు పోస్తాడు. నెల తిరిగేసరికి చిక్కులు మొదలవుతాయి. ఆయాల జీతాలకు డబ్బు తీయాలంటే ఖాతా యజమానురాలి పేరిట ఉన్నది. గది అద్దె ఒప్పందం గడువు ముగిసింది. కొత్త ఒప్పందం మీద ఎవరి సంతకం చెల్లుతుందని ఇంటి యజమాని అడుగుతాడు. ఫీజు బాకీ ఉన్న ఒకరు ‘ఆమెకే ఇస్తాను, నీకు ఇవ్వను’ అంటారు. యారాలి మంచితనాన్ని ఎవరూ శంకించరు. కాని బ్యాంకుకు, ఇంటి యజమానికి కావలసింది ఆమె అధికారానికి ఆధారం. ఆ ఆధారం కాగితం రూపంలో ఉండాలి.

మాట వెనుక ఉన్న అర్థం

ఒక వ్యక్తి తన తరఫున, తన పేరిట పనులు చేసే అధికారాన్ని మరొక వ్యక్తికి లిఖితపూర్వకంగా ఇచ్చే పత్రమే ముఖ్తార్‌నామా. నిజాం రాజ్యం నుండి వచ్చిన కుటుంబాలలోని పెద్దలకు ఈ మాట పరిచితమే. ఆంగ్లంలో దీనిని పవర్ ఆఫ్ అటార్నీ అంటారు. ఈ వ్యాసంలో అధికారమిచ్చే వ్యక్తిని అధికారదాత అని, దానిని పొందే వ్యక్తిని ముఖ్తార్ అని వ్యవహరించడం జరిగింది.

షోలాపూర్‌లోని కార్యాలయాలలో, స్టాంపు విక్రేతల వద్ద దీని పేరు కులముఖత్యారపత్ర. తెలుగువారు ఈ మాట విని కుల ధ్రువపత్రంతో పొరబడే అవకాశమున్నది. ఇక్కడి ‘కుల’ శబ్దానికి జాతి, కులం అన్న అర్థం లేదు. అది ‘సమస్తం’ అనే అర్థమున్న అరబ్బీ మాట నుండి వచ్చింది. సమస్త వ్యవహారాలలోనూ ప్రతినిధిగా ఉండేవాడు కులముఖత్యార్. న్యాయస్థానంలో వాదించడానికి వకీలుకు ఇచ్చే వకాల్తునామా కూడా వేరే పత్రమే.

ముఖ్తార్‌నామాలు స్థూలంగా రెండు విధాలు. అనేక వ్యవహారాలకు విస్తృతంగా అధికారమిచ్చేది సాధారణ ముఖ్తార్‌నామా. దీనినే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ అంటారు. పేర్కొన్న పని లేదా పనుల వరకే అధికారమిచ్చేది ప్రత్యేక ముఖ్తార్‌నామా. పాళణాఘర్ వంటి చిన్న వ్యాపారానికి, కొద్ది నెలల అవసరానికి, ప్రత్యేక ముఖ్తార్‌నామాయే క్షేమకరం. ‘నా ఆస్తులన్నింటి మీద, నా వ్యవహారాలన్నింటిలో’ అని మొదలయ్యే ముద్రిత నమూనాను చదవకుండా సంతకం చేస్తే, పాళణాఘర్ కోసం రాసిన పత్రం ఇంటినీ, పొదుపునూ కూడా మరొకరి చేతిలో పెట్టవచ్చు.

చట్టం ఏమి చెబుతున్నది?

ఈ విషయంలో రెండు పాత చట్టాలు ప్రధానమైనవి. ప్రతినిధిని నియమించుకోవడం, అతని హక్కులు, విధులు 1872 నాటి భారత ఒప్పందాల చట్టంలో 182వ సెక్షన్ నుండి ఉన్నాయి. పత్రానికి సంబంధించిన నియమాలు 1882 నాటి ముఖ్తార్‌నామాల చట్టంలో ఉన్నాయి.

పద్దెనిమిదేళ్లు నిండి, స్థిరమైన బుద్ధి కలిగిన ఎవరైనా ముఖ్తార్‌ను నియమించుకోవచ్చు. వివాహిత స్త్రీకి భర్త అనుమతి అవసరం లేదు. యుక్తవయస్సు వచ్చిన వివాహిత, అవివాహితకున్న అధికారంతోనే తన ముఖ్తార్‌ను నియమించుకోగలదని 1882 చట్టంలోని 5వ సెక్షన్ స్పష్టంగా చెబుతున్నది. ‘మీ ఆయన సంతకం కూడా కావాలి’ అని ఎవరైనా అంటే ఈ సెక్షన్‌ను గుర్తుచేయవచ్చు.

ముఖ్తార్‌గా ఎవరిని ఎంచుకోవాలన్నది మరొక ప్రశ్న. కాలేజీ చదువుతున్న పదిహేడేళ్ల కూతురు లెక్కలు చక్కగా రాయగలదు. కాని మైనరును ప్రతినిధిగా పెట్టుకుంటే, ఆమె చేసిన పనులు బయటివారి విషయంలో తల్లిని కట్టివేస్తాయి. తల్లికి మాత్రం ఆమె చట్టపరంగా జవాబుదారీ కాదు. ఒప్పందాల చట్టంలోని 184వ సెక్షన్ సారం ఇదే. అందువల్ల ముఖ్తార్ మేజరై ఉండడం అవసరం.

నోటిమాటతో ఇచ్చిన అధికారానికి విలువ లేదా? ఉన్నది. కలకత్తాలో ఉండే యజమానికి శ్రీరాంపూర్‌లో దుకాణమున్నది, దానిని చూసుకునే మనిషి యజమానికి తెలిసే అతని పేరిట సరుకు తెప్పించి, అతని డబ్బుతోనే చెల్లిస్తున్నాడు, కనుక అతనికి ఆ అధికారం ఉన్నట్టేనని చట్టంలోని 187వ సెక్షనే ఉదాహరణ చెబుతున్నది. యారాలు పాలవానితో, కూరగాయల బండితో చేసే లావాదేవీలు ఈ కోవలోనివే. ముఖ్తార్‌నామా అవసరమయ్యేది బ్యాంకు, అద్దె ఒప్పందం, ప్రభుత్వ కార్యాలయం, వివాదం అన్న నాలుగు చోట్ల.

పత్రంలో ఏమి రాయించాలి?

మంచి ముఖ్తార్‌నామాలో పని పేరు, పరిమితి, గడువు మూడూ ఉంటాయి. పై ఉదాహరణలోని పాళణాఘర్‌కు ఈ క్రింది అధికారాలు సరిపోతాయి.

1. తల్లిదండ్రుల నుండి నెలవారీ ఫీజు వసూలు చేసి, యజమానురాలి పేరిట రసీదు ఇవ్వడం.

2. ఆయాల జీతాలు, గది అద్దె, విద్యుత్ బిల్లు, పాలు, కిరాణా, శుభ్రత సామగ్రి ఖర్చులు చెల్లించడం.

3. పేర్కొన్న ఒక్క బ్యాంకు ఖాతా నుండి, పేర్కొన్న మొత్తానికి మించకుండా డబ్బు తీయడం. ఖాతా ఏ శాఖలో ఉన్నదో, నెలకు ఎంతవరకు తీయవచ్చో అంకెలలోనూ అక్షరాలలోనూ రాయాలి.

4. అవసరమైతే తాత్కాలికంగా ఆయాను పెట్టుకోవడం.

5. వ్యాపారానికి సంబంధించి నగరపాలక సంస్థకు, కార్మిక శాఖకు, విద్యుత్ సంస్థకు దరఖాస్తులు ఇవ్వడం, ఉత్తరాలు అందుకోవడం.

6. గది అద్దె ఒప్పందాన్ని పాత షరతులమీదనే పునరుద్ధరించడం.

ఇవ్వకూడని అధికారాలను కూడా పత్రంలో చెప్పడం మేలు. వ్యాపారం పేరిట అప్పు తీసుకోరాదు. పాళణాఘర్‌ను గాని, సామగ్రిని గాని అమ్మరాదు, తాకట్టు పెట్టరాదు. ఇల్లు, స్థలం, బంగారం, ఇతర ఖాతాలు ఈ పత్రం పరిధిలోకి రావు. ఈ వాక్యాలు బంధువును అవమానించడానికి కావు. రేపు ఎవరైనా వేలెత్తి చూపినప్పుడు ఆ బంధువునే కాపాడతాయి.

గడువును తేదీలతో రాయాలి. ‘ఆరోగ్యం కుదుటపడేవరకు’ అన్న మాటకు ఒక్కొక్కరు ఒక్కొక్క అర్థం చెబుతారు. ఫలానా తేదీ నుండి ఫలానా తేదీ వరకు అని ఉంటే వివాదానికి తావుండదు. అవసరమైతే కొత్త పత్రం రాయించుకోవచ్చు.

ముఖ్తార్ తనకు అప్పగించిన అధికారాన్ని తన ఇష్టప్రకారం మరొకరికి అప్పగించలేడు. 190వ సెక్షన్ దీనిని నిషేధిస్తున్నది. యారాలికి కూడా హఠాత్తుగా ఊరికి వెళ్లవలసి వస్తే ఏమి చేయాలన్నది ముందే ఆలోచించి, రెండవ వ్యక్తి పేరును ఆ పత్రంలోనే చేర్చుకోవచ్చు.

కాగితంతో చేతులు మారనిది

పాళణాఘర్ విషయంలో అన్నిటికన్న ముఖ్యమైన సంగతి ఇది. ముఖ్తార్‌నామా వ్యాపారాన్ని అప్పగించగలదు, పిల్లలను అప్పగించలేదు. తల్లి తన బిడ్డను ఒక మనిషిని చూసి, ఆ మనిషి మీది నమ్మకంతో దించిపోతుంది. ఆ నమ్మకాన్ని స్టాంపు కాగితం మీద మరొకరికి బదిలీ చేసే హక్కు యజమానురాలికి లేదు. అందువల్ల మార్పును ప్రతి బిడ్డ తల్లిదండ్రులకూ ముందుగా తెలియజేసి, వారి నుండి చిన్న సమ్మతి పత్రం తీసుకోవాలి. అందులో ఉండవలసినవి కొద్దిపాటి వివరాలే: ఏ తేదీ నుండి ఏ తేదీ వరకు ఎవరు బాధ్యులు, బిడ్డను తీసుకుపోవడానికి ఎవరెవరికి అనుమతి, అత్యవసరంలో పిలవవలసిన రెండు ఫోను నంబర్లు, బిడ్డకు పడని ఆహారం లేదా మందు, తల్లిదండ్రులు అందుబాటులో లేకపోతే ఆసుపత్రికి తీసుకువెళ్లడానికి సమ్మతి.

శస్త్రచికిత్స వంటి వాటికి అనుమతి ఇవ్వవలసింది తల్లిదండ్రులే. యజమానురాలి ముఖ్తార్‌కు ఆ అధికారం రాదు. అయితే బిడ్డకు ప్రాణాపాయం ఏర్పడితే ముందు ఆసుపత్రి, తరువాతనే సంతకాలు. 108కి ఫోను చేయడానికి ఏ ముఖ్తార్‌నామా అవసరం లేదు.

నేర బాధ్యత కూడా కాగితంతో తొలగిపోదు. తన సంరక్షణలో ఉన్న బిడ్డను హింసించినా, అనవసర బాధ కలిగే విధంగా నిర్లక్ష్యం చేసినా 2015 నాటి బాలల న్యాయ చట్టంలోని 75వ సెక్షన్ ప్రకారం శిక్ష ఉంటుంది. పిల్లల సంరక్షణకై ఏర్పడిన సంస్థను నడిపేవారు లేదా అందులో పనిచేసేవారు ఈ నేరం చేస్తే ఐదేళ్ల వరకు కఠిన కారాగారం, ఐదు లక్షల రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. బిడ్డపై లైంగిక అఘాయిత్యం జరిగినట్టు తెలిసినవారెవరైనా, 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలియజేయడం విధి. ముఖ్తార్‌గా ఉండబోయే వ్యక్తికి ఈ సంగతులు ముందే చెప్పాలి. ఆపదలో ఉన్న పిల్లల కోసం 1098 నంబరు రాత్రింబవళ్లు పనిచేస్తుంది. దానిని గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంచడం మంచిది.

భాష, స్టాంపు, నోటరీ

షోలాపూర్‌లో ముఖ్తార్‌నామాలు సాధారణంగా మరాఠీలో రాస్తారు. తెలుగు మాట్లాడుతూ మరాఠీ చదవలేని స్త్రీలు తమకు తెలియని లిపిలోని కాగితం మీద వేలిముద్ర వేసే పరిస్థితి రాకూడదు. పత్రాన్ని నమ్మకమైన వ్యక్తి చేత వాక్యం వాక్యం తెలుగులో చెప్పించుకోవాలి. ‘ఈ పత్రాన్ని నాకు తెలుగులో చదివి వివరించారు, నేను అర్థం చేసుకుని సంతకం చేస్తున్నాను’ అన్న వాక్యాన్ని చివర చేర్పించాలి. వివరించిన వ్యక్తి కూడా పేరు రాసి సంతకం చేయాలి.

పత్రాన్ని తెలుగులోనే రాసుకోవడానికి అభ్యంతరం లేదు. కాని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలోని 19వ సెక్షన్ ప్రకారం, సబ్‌రిజిస్ట్రారుకు అర్థం కాని, ఆ జిల్లాలో సాధారణంగా వాడుకలో లేని భాషలోని పత్రానికి సరైన అనువాదాన్ని, నకలును జతచేయాలి. బ్యాంకు కూడా అనువాదం అడుగుతుంది. కనుక మరాఠీ పత్రం, దాని తెలుగు అనువాదం రెండూ ఉంచుకోవడం అనుకూలం.

మహారాష్ట్ర స్టాంపు చట్టం, 1958 మొదటి షెడ్యూలులోని 48వ అంశం ముఖ్తార్‌నామాకు వర్తిస్తుంది. ఇచ్చే అధికారం స్వభావాన్ని బట్టి రుసుము మారుతుంది. ప్రభుత్వం రేట్లను సవరిస్తూ ఉంటుంది కూడా. పత్రం రాయించే నాటి రేటును సబ్‌రిజిస్ట్రారు కార్యాలయంలో అడిగి తెలుసుకోవాలి. తగిన స్టాంపు లేని పత్రం న్యాయస్థానంలో సాక్ష్యంగా చెల్లదు.

తరువాతి మెట్టు ధ్రువీకరణ. పాళణాఘర్ దైనందిన వ్యవహారాలకు నోటరీ ముందు సంతకం చేసిన పత్రం సరిపోతుంది. నోటరీ ధ్రువీకరించిన ముఖ్తార్‌నామాను సరిగా రాసిన పత్రంగానే న్యాయస్థానం మొదట భావిస్తుంది. అధికారదాత స్వయంగా నోటరీ ఎదుట హాజరు కావాలి. గుర్తింపు పత్రం, ఫొటోలు, ఇద్దరు సాక్షులు ఉండడం ఆనవాయితీ. ఇంటిలో సంతకం చేసి ఎవరి చేతనో పంపి ముద్ర వేయించుకున్న కాగితం పరీక్షకు నిలవదు.

అద్దె ఒప్పందం మాటకు వస్తే జాగ్రత్త మరింత కావాలి. 1999 నాటి మహారాష్ట్ర అద్దె నియంత్రణ చట్టంలోని 55వ సెక్షన్ ప్రకారం అద్దె ఒప్పందాలు, లీవ్ అండ్ లైసెన్స్ ఒప్పందాలు లిఖితపూర్వకంగా ఉండి, రిజిస్టరు కావాలి. అధికారదాత తరఫున పత్రాన్ని రిజిస్ట్రేషన్‌కు సమర్పించవలసి వస్తే నోటరీ ముద్ర ఉన్న ముఖ్తార్‌నామా చాలదు. దానిని అధికారదాత నివసించే ప్రాంతపు సబ్‌రిజిస్ట్రారు ఎదుట సంతకం చేసి ప్రమాణీకరింపజేసుకోవాలని రిజిస్ట్రేషన్ చట్టంలోని 33వ సెక్షన్ నిర్దేశిస్తున్నది. మంచం పట్టిన మనిషి కార్యాలయానికి రాలేకపోతే చట్టం దారి చూపింది. శరీర బలహీనత వల్ల ప్రమాదం లేకుండా రాలేనివారికి హాజరు నుండి మినహాయింపు ఉన్నది. సబ్‌రిజిస్ట్రారు ఇంటికే వచ్చి విచారించవచ్చు. అద్దె గడువు దగ్గరలోనే ఉంటే, శస్త్రచికిత్సకు ముందే ఒప్పందాన్ని పునరుద్ధరించుకోవడం ఇంతకన్న సులభం.

బ్యాంకు, ఫోను

డబ్బు రావడానికి, డబ్బు పోవడానికి మధ్య తేడా గమనించాలి. గోడకు అతికించిన క్యూఆర్ కాగితం యజమానురాలు ఆసుపత్రిలో ఉన్నా పనిచేస్తుంది. ఫీజు ఆమె ఖాతాలోకే చేరుతుంది. విద్యుత్ బిల్లును ఎవరు చెల్లించినా చెల్లుతుంది. అధికారం అవసరమయ్యేది ఖాతా నుండి డబ్బు తీయడానికే.

నోటరీ పత్రం చేతిలో ఉన్నదని నేరుగా కౌంటరు దగ్గరకు పోతే పని కాదు. బ్యాంకులు ముఖ్తార్‌నామాను ముందుగా పరిశీలించి, తమ పుస్తకాలలో నమోదు చేసుకుంటాయి. ముఖ్తార్ గుర్తింపు పత్రాలు, మాదిరి సంతకం తీసుకుంటాయి. ఒక్క ఖాతా వరకే అధికారం ఇవ్వదలిస్తే బ్యాంకు వారి స్వంత ఫారం మీద ఇచ్చే మాండేట్ కూడా ఉంటుంది. ఈ పని యజమానురాలు నడవగలిగిన రోజులలోనే, ఆమె కూడా వెంట ఉండగా, పూర్తి కావాలి.

చాలా ఇళ్లలో జరిగేది వేరు. ఫోను, యూపీఐ పిన్ను, ఏటీఎం కార్డు మూడింటినీ బంధువు చేతిలో పెట్టి ‘నీవే చూసుకో’ అంటారు. ఇది ముఖ్తార్‌నామాకు ప్రత్యామ్నాయం కాదు. పిన్ను ఇచ్చిన తరువాత డబ్బు పోతే బ్యాంకు బాధ్యత వహించదు. ఆ ఫోనులో పాళణాఘర్ లెక్కలతోపాటు ఇంటి పొదుపంతా ఉంటుంది. బంధువు నిజాయితీపరురాలైనా, ఆమెను మాటలతో మోసగించే అపరిచిత ఫోను ఒక్కటి చాలు.

లెక్క చెప్పే బాధ్యత

ముఖ్తార్ యజమానురాలి ఆదేశాల ప్రకారం నడుచుకోవాలి. అడిగినప్పుడు లెక్క చూపాలి. వసూలైన డబ్బును అప్పగించాలి. వ్యాపారాన్ని తన స్వంత లాభానికి వాడుకోరాదు. ఇవి 211వ సెక్షన్ నుండి 218వ సెక్షన్ వరకు చెప్పిన విధులు. ఒక పొడవాటి పుస్తకంలో ఎడమవైపు రాబడి, కుడివైపు ఖర్చు, రోజూ సాయంత్రం పిల్లలు వెళ్లిన తరువాత రాసుకుని, వారానికొకసారి ఆసుపత్రికో ఇంటికో తీసుకువెళ్లి సంతకం చేయించుకుంటే ఈ విధి నెరవేరినట్టే.

యజమానురాలికీ బాధ్యతలున్నాయి. ముఖ్తార్ తన అధికారం మేరకు చేసిన న్యాయమైన పనులకు ఆమె కట్టుబడాలి. ఆ పనుల వల్ల ముఖ్తార్‌కు నష్టం వస్తే భర్తీ చేయాలి. వర్షానికి పైకప్పు కారితే, అడిగే వ్యవధి లేకపోయినా, వివేకవంతుడైన మనిషి చేసే మరమ్మతు చేయించే అధికారం 189వ సెక్షన్ ముఖ్తార్‌కు ఇస్తున్నది. ముఖ్తార్‌నామా చెల్లడానికి ప్రతిఫలం అవసరం లేదు. అయినా రెండు నెలలు తన పని మానుకుని వచ్చిన మనిషికి ఎంత ఇచ్చేదీ ముందే చెప్పుకోవడం బంధుత్వానికి కూడా మంచిది.

అధికారం ఎప్పుడు ముగుస్తుంది?

ఈ ప్రశ్నకు సమాధానం తెలియక చాలామంది నష్టపోతారు. గడువు తీరినా, పని పూర్తయినా, అధికారదాత రద్దు చేసినా, ముఖ్తార్ వదులుకున్నా అధికారం ముగుస్తుంది. ఇద్దరిలో ఎవరు మరణించినా, ఎవరి బుద్ధి స్థిరత్వం కోల్పోయినా ముగుస్తుంది. ఇది 201వ సెక్షన్.

ఈ చివరి మాటను శ్రద్ధగా గ్రహించాలి. కొన్ని దేశాలలో మనిషి తెలివి కోల్పోయిన తరువాత కూడా కొనసాగే ముఖ్తార్‌నామాలున్నాయి. భారతదేశంలో అటువంటి ఏర్పాటు లేదు. శస్త్రచికిత్స వలన శరీరం బలహీనమైనా తెలివి ఉన్నంతవరకు పత్రం పనిచేస్తుంది. పక్షవాతంతో గ్రహణశక్తి పూర్తిగా పోతే, సరిగ్గా అవసరమైన సమయంలోనే పత్రం ఆగిపోతుంది. కోమాలోకి వెళ్లినవారి వ్యవహారాలు చూడడానికి కుటుంబాలు హైకోర్టును ఆశ్రయించి సంరక్షకుణ్ణి నియమింపజేసుకోవలసి వస్తున్నది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కింద నియమించుకునే ప్రతినిధి చికిత్సకు సంబంధించినవాడే, వ్యాపారానికి కాడు.

కనుక దీర్ఘకాలపు జబ్బు ఉన్నవారు ముఖ్తార్‌నామా ఒక్కదాని మీదనే ఆధారపడరాదు. వ్యాపారపు ఖాతాను ఇద్దరిలో ఎవరైనా నడిపే ఉమ్మడి ఖాతాగా మార్చుకోవడం, ఖాతాకు నామినీని నమోదు చేయడం, విశ్వాసపాత్రులైన బంధువుతో 1932 చట్టం కింద భాగస్వామ్య పత్రం రాసుకోవడం, వీలునామా రాయడం అన్నవి మిగిలిన మార్గాలు. భాగస్వామ్యంలో లాభంతోపాటు అప్పుల బాధ్యత కూడా పంచుకోవలసి ఉంటుందని మరువరాదు.

రద్దు చేయదలచినప్పుడు మనసులో అనుకుంటే చాలదు. రద్దు సంగతి ముఖ్తార్‌కు తెలిసినప్పుడే ముఖ్తార్ విషయంలోనూ, బయటివారికి తెలిసినప్పుడే వారి విషయంలోనూ అమలులోకి వస్తుందని 208వ సెక్షన్ చెబుతున్నది. అందువల్ల రద్దు పత్రాన్ని రాసి, నోటరీ చేయించి, దాని నకళ్లను ముఖ్తార్‌కు, బ్యాంకుకు, ఇంటి యజమానికి స్పీడ్ పోస్టులో పంపాలి. తల్లిదండ్రులకు తెలియజేయాలి. అసలు పత్రాన్ని వెనక్కు తీసుకోవాలి.

రద్దు చేయలేని సందర్భం ఒకటున్నది. ముఖ్తార్‌కే ఆ ఆస్తిలో స్వంత ప్రయోజనముంటే, దానికి భంగం కలిగే విధంగా అధికారాన్ని ఉపసంహరించలేమని 202వ సెక్షన్ చెబుతున్నది. పాళణాఘర్‌కు డబ్బు అప్పిస్తానని చెప్పి, హామీగా ఇంటి మీద ముఖ్తార్‌నామా అడిగేవారి వద్ద ఈ కారణంగానే మెలకువ అవసరం. ముఖ్తార్‌నామా ద్వారా స్థిరాస్తి యాజమాన్యం బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో స్పష్టం చేసింది. అది కొనేవారికీ అమ్మేవారికీ కూడా వర్తించే హెచ్చరిక.

దూరదేశంలో ఉన్నవారు

కొన్ని పాళణాఘర్‌ల యజమానురాండ్రు కూతురి ప్రసవానికో, కొడుకు ఇంటికో విదేశం వెళ్లి అక్కడే కొన్ని నెలలు ఉండిపోతారు. ముఖ్తార్‌నామా అక్కడ రాయవలసి వస్తే భారత రాయబార కార్యాలయంలో లేదా కాన్సులేట్‌లో ధ్రువీకరింపజేసుకోవచ్చు. రాష్ట్రం బయట రాసిన పత్రానికి, అది మహారాష్ట్రకు మొదట చేరిన నాటి నుండి మూడు నెలలలోగా ఇక్కడి స్టాంపు రుసుము చెల్లించాలి. సిరిసిల్లలోనో, హైదరాబాదులోనో సంతకం చేసి పంపిన పత్రానికి కూడా ఇదే నియమం వర్తిస్తుంది.

ఉచిత సహాయం

వకీలుకు ఇచ్చే డబ్బు లేదని ఎవరూ ఈ పనిని వాయిదా వేయనవసరం లేదు. 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టంలోని 12వ సెక్షన్ ప్రకారం స్త్రీలందరికీ, ఆదాయంతో నిమిత్తం లేకుండా, ఉచిత న్యాయసేవ పొందే హక్కున్నది. జిల్లా న్యాయసేవల అధికార సంస్థకు దరఖాస్తు చేసుకోవచ్చు. 15100 నంబరుకు ఫోను చేసి కూడా సలహా పొందవచ్చు.

సంతకానికి ముందు సరిచూసుకోవలసినవి

గడువు తేదీలు రెండూ ఉన్నాయా? ఖాతా వివరం, మొత్తం పరిమితి ఉన్నాయా? అప్పు, అమ్మకం, తాకట్టు నిషేధించినట్టు రాసి ఉన్నదా? ఖాళీ జాగాలు గీతతో కొట్టివేశారా? ప్రతి పుట మీద సంతకం ఉన్నదా? తెలుగులో వివరించినట్టు వాక్యం ఉన్నదా? బ్యాంకులో నమోదైనదా? తల్లిదండ్రుల సమ్మతి పత్రాలు అందాయా? అసలు పత్రం ఎవరి వద్ద, నకళ్లు ఎవరెవరి వద్ద ఉన్నాయో రాసిపెట్టారా?

ఈ ప్రశ్నలన్నింటికీ ‘అవును’ అన్న సమాధానం వస్తే యజమానురాలు నిశ్చింతగా ఆసుపత్రికి వెళ్లవచ్చు. మరునాడు ఉదయం మగ్గాల చప్పుడు మొదలయ్యే వేళకు పాళణాఘర్ తలుపు ఎప్పటిలాగే తెరుచుకుంటుంది. బిడ్డను దించిన తల్లి వేళకు పనికి చేరుకుంటుంది.